ఉచిత ఉపగ్రహ టెలివిజన్: డీడీ ఫ్రీ డిష్, ఇంట్లో దాని అమరిక

నెల చందా కట్టే పని లేకుండా, ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటి డిష్‌కు అందే టెలివిజన్ ప్రసారమే ఉచిత ఉపగ్రహ టెలివిజన్. సాంకేతిక భాషలో దీన్ని ఫ్రీ టు ఎయిర్ అంటారు. మన దేశంలో దీనికి అతి పెద్ద ఉదాహరణ ప్రసార భారతి నడుపుతున్న డీడీ ఫ్రీ డిష్. పల్లెల్లో జనం దీన్ని 'రీచార్జి లేని డిష్' అంటారు. ఆ మాటలోనే దీని సారమంతా ఉంది. పరిశ్రమ అంచనాల ప్రకారం దేశంలో నాలుగు కోట్లకు పైగా ఇళ్లు దీని మీద ఆధారపడి ఉన్నాయి. డిష్, దాని ముందు బిగించే ఎల్‌ఎన్‌బి అనే చిన్న పరికరం, వైరు, బాక్సు కలిపి సుమారు రెండు వేల రూపాయల్లో సమకూరతాయి. ఆ తర్వాత పైసా ఖర్చు ఉండదు. అయినా దీన్ని గురించి తెలుగులో వివరంగా రాసింది తక్కువ. అందుకే చాలామంది సొంతంగా చేసుకోగల పనికి కూడా మెకానిక్ కోసం రోజుల తరబడి ఎదురుచూస్తుంటారు.

ఉచితం అంటే ఏమిటి

ఉపగ్రహం నుంచి దిగే సంకేతం వానలాంటిది. ఎవరి డాబా మీదైనా ఒకేలా పడుతుంది. దాన్ని కొందరికే పరిమితం చేయాలంటే ప్రసారకర్తకు ఉన్న మార్గం ఒక్కటే: సంకేతానికి తాళం వేయడం. దీన్నే ఎన్‌క్రిప్షన్ అంటారు. చందా కట్టినవారి బాక్సులో ఉన్న కార్డో, చిప్పో ఆ తాళాన్ని తీస్తుంది. అసలు తాళమే వేయకుండా వదిలితే అది ఫ్రీ టు ఎయిర్. తాళం వేసి, తాళంచెవిని డబ్బు తీసుకోకుండా ఇచ్చే మూడో పద్ధతి కూడా ఉంది. డీడీ ఫ్రీ డిష్‌లో ఎక్కువ భాగం తాళం లేని ప్రసారమే. కొత్త తరం బాక్సుల కోసం ఐకాస్ అనే దేశీయ తాళం పద్ధతిని కూడా ప్రసార భారతి తెచ్చింది గానీ, దానికీ నెల చందా లేదు.

ఇక్కడ ఒక గందరగోళాన్ని విడదీసి చెప్పుకోవాలి. కేబుల్ బిల్లు మీద కూడా 'ఎఫ్‌టీఏ చానళ్లు' అన్న మాట కనిపిస్తుంది. అక్కడ దాని అర్థం వేరు. ఆ చానల్ యజమాని ధర వసూలు చేయడం లేదని మాత్రమే. దాన్ని మీ ఇంటిదాకా మోసుకొచ్చినందుకు కేబుల్ సంస్థ రుసుము తీసుకుంటూనే ఉంటుంది. 2019లో అమలైన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ టారిఫ్‌లో మొదటి 100 చానళ్లకు నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు కింద నెలకు 130 రూపాయలు, పైన పన్ను అని గరిష్ఠ పరిమితి పెట్టింది ఈ మోత కూలికే. సొంత డిష్ ఉన్నవారికి మధ్యలో మోసేవాడే లేడు కాబట్టి కూలీ లేదు.

చికెన్ మెష్ డిష్‌ల నుంచి

మన దేశంలో ఉపగ్రహ టెలివిజన్ పుట్టింది వ్యాపారంగా కాదు, పల్లె పాఠశాలగా. విక్రమ్ సారాభాయ్ చొరవతో భారత్, అమెరికా 1969లో కుదుర్చుకున్న ఒప్పందం ఫలితంగా నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు మనకు కేటాయించారు. ఆ ప్రయోగం పేరు సైట్. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెల్లో నడిచింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పటికి హైదరాబాదు దూరదర్శన్ కేంద్రమే లేదు; అది 1977 అక్టోబరు 23న గానీ మొదలు కాలేదు. అంటే తెలుగు టెలివిజన్ హైదరాబాదు నగరం కంటే ముందు పల్లె రచ్చబండ దగ్గరకు చేరింది. అదీ ఉపగ్రహం ద్వారా. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియకపోవడం విచారకరం.

ఆ పల్లెల్లో పెట్టిన డిష్‌లు మూడు మీటర్ల వ్యాసం ఉన్న తీగ వల గొడుగులు. కోళ్ల గూళ్లకు వాడే వలలాంటి దానితోనే తయారయ్యాయి. వాటితో పనిచేసే టీవీ సెట్లను మన హైదరాబాదు ఈసీఐఎల్ తయారు చేసింది. రోజుకు సుమారు నాలుగు గంటలు ప్రసారం. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ మీద పెద్దలకు. ఉపగ్రహాలతో భూమంతటికీ సందేశాలు అందించవచ్చని 1945లోనే వ్యాసం రాసిన ఆర్థర్ సి. క్లార్క్‌కు కూడా ఈ ప్రయోగం సందర్భంగా ఇస్రో ఒక డిష్‌ను కొలంబోలోని ఆయన ఇంట్లో అమర్చింది. సొంత ఇంటి మీద ఉపగ్రహ డిష్ ఉన్న తొలి వ్యక్తుల్లో ఆయన ఒకరు.

రెండో అధ్యాయం 1991లో మొదలైంది. ఏషియాశాట్-1 ఉపగ్రహం నుంచి స్టార్ టీవీ తాళం లేకుండా ప్రసారాలు దింపడంతో వీధికొక కేబుల్ ఆపరేటర్ పుట్టాడు. డాబా మీద పన్నెండు అడుగుల డిష్ పెట్టి, కరెంటు స్తంభాల మీదుగా వైరు లాగి, ఇంటింటికీ అమ్మాడు. ఆకాశం నుంచి ఉచితంగా దిగిన సంకేతం వీధిలోకి వచ్చేసరికి చందాగా మారింది.

ఆ రోజుల్లోనే హీరో కప్ క్రికెట్ ప్రసారం గురించిన వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 1995 ఫిబ్రవరి 9న వెలువడిన తీర్పు వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ప్రభుత్వానికి గానీ, ప్రైవేటు సంస్థకు గానీ వాటిమీద గుత్తాధిపత్యం తగదని ఆ తీర్పులో విపులంగా విడిగా రాసిన న్యాయమూర్తి మన తెలుగువారే, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. ఉచిత ప్రసారం గురించిన ఏ చర్చకైనా పునాది రాయి ఆ తీర్పే.

2004 డిసెంబరు 16న ప్రధాని మన్మోహన్ సింగ్ 33 చానళ్లతో డీడీ డైరెక్ట్ ప్లస్‌ను ప్రారంభించారు. అప్పుడు అది 95 డిగ్రీల తూర్పున ఉన్న ఎన్‌ఎస్‌ఎస్-6 ఉపగ్రహం మీద ఉండేది. తర్వాత 93.5 డిగ్రీల దగ్గరి ఇన్‌శాట్-4బికి మారింది. 2010 జూలైలో ఆ ఉపగ్రహంలో విద్యుత్తు సమస్య వచ్చి, సంకేతాలను అందుకుని తిరిగి కిందికి పంపే ట్రాన్స్‌పాండర్లలో సగాన్ని ఆపేయాల్సి వచ్చింది. 2015 నవంబరు 11న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్-5 రాకెట్ మీద వెళ్లిన జీశాట్-15 ఆ భారాన్ని అందుకుంది. ఈ మధ్యలో పేరు కూడా ఫ్రీ డిష్ అయింది. 2022 నాటికి చానళ్లు 167, రేడియోలు 48. ఆ ఏడాది మార్చికల్లా దేశమంతటా దూరదర్శన్ పాత నేల ట్రాన్స్‌మిటర్లను, కీలక ప్రాంతాల్లోని 50 మినహా, ఆపేశారు. మేడ మీద చేపముల్లు యాంటెన్నా పెట్టుకుని దూరదర్శన్ చూసే కాలం అక్కడితో దాదాపు ముగిసింది. డబ్బు కట్టకుండా ఇంట్లో టీవీ సెట్టు మీద దూరదర్శన్ చూడాలంటే ఇప్పుడు ప్రధానంగా ఫ్రీ డిషే దిక్కు.

సంకేతం ప్రయాణం

ఢిల్లీలోని తోడాపూర్ భూకేంద్రం నుంచి చానళ్లన్నీ కట్టగా పైకి వెళతాయి. భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతుంది కాబట్టి మనకు ఒకేచోట నిలిచి ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే ఇంటి డిష్‌ను ఒకసారి సరిగా గురిపెట్టి బిగిస్తే చాలు, మళ్లీ కదపనక్కర్లేదు. పైకి వెళ్లి కిందికి రావడానికి సంకేతానికి దాదాపు పావు సెకను పడుతుంది.

కిందికి దిగే తరంగాలు కేయూ బ్యాండ్‌లోవి. ఉదాహరణకు ఫ్రీ డిష్ ట్రాన్స్‌పాండర్లలో ఒకటి 11,090 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంది. ఆ తరంగం పొడవు 2.7 సెంటీమీటర్లు. డిష్ చేసే పని పళ్లెంలో పడిన ఈ తరంగాలను ఒక బిందువు దగ్గరకు చేర్చడమే. అక్కడ ఉండే చిన్న పరికరం ఎల్‌ఎన్‌బి. అంత ఎక్కువ పౌనఃపున్యం ఉన్న సంకేతం వైరులో ఎక్కువ దూరం సరిగా సాగదు. అందుకే ఎల్‌ఎన్‌బి సంకేతం బలాన్ని పెంచి, దాని పౌనఃపున్యంలోంచి తన 9,750 మెగాహెర్ట్జ్‌ను తీసివేసి, మిగిలిన 1,340 మెగాహెర్ట్జ్‌ను వైరులోకి వదులుతుంది. బాక్సు మెనూలో '9750/10600' అని కనిపించే అంకెల్లో మొదటిది ఇదే. చాలామంది వీటిని అర్థం లేని మంత్రంలా చూస్తారు గానీ, ఇది మామూలు తీసివేత లెక్క. బాక్సులో ఆ అంకె తప్పుగా ఉంటే డిష్ ఎంత బాగా గురిపెట్టినా ఒక్క చానల్ కూడా రాదు.

ఎల్‌ఎన్‌బికి కావాల్సిన కరెంటు కూడా అదే వైరులో బాక్సు నుంచి వెళుతుంది. తరంగం ఊగే దిక్కును ధ్రువణం అంటారు. 13 వోల్టులు పంపితే నిలువు ధ్రువణం, 18 పంపితే అడ్డ ధ్రువణం. ఫ్రీ డిష్ ప్రసారాలు నిలువు ధ్రువణంలో ఉంటాయి.

ఏం కొనాలి

డిష్ 60 సెంటీమీటర్లది సరిపోతుంది. తీరంలో గానీ, గట్టి వానలు పడే మన్యంలో గానీ ఉంటే 75 లేదా 90 సెంటీమీటర్లది తీసుకోవడం మేలు. ముసురు రోజున దాని విలువ తెలుస్తుంది. రేకు మందంగా, నొక్కితే వంగకుండా ఉండాలి. సొట్ట పడిన డిష్‌ను ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. వైరు ఆర్‌జీ-6 రకం, 30 మీటర్లు దాటకుండా ఉంటే మంచిది.

అసలు జాగ్రత్త పడవలసింది బాక్సు దగ్గర. ఫ్రీ డిష్‌లో రెండు తరాల ప్రసారాలు ఉన్నాయి: పాత ఎంపెగ్-2, కొత్త ఎంపెగ్-4. పాత బాక్సు మొదటి రకాన్నే చూపిస్తుంది. సంతలో రెండొందలు తక్కువకు వస్తుందని పాతది కొని, పక్కింట్లో వచ్చే చానళ్లు మా ఇంట్లో రావడం లేదని వాపోయేవారు ఊరికి పదిమంది ఉంటారు. డబ్బా మీద 'ఎంపెగ్-4', 'డీవీబీ-ఎస్2' అన్న రెండు మాటలూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. కొన్ని టీవీల్లో ఉపగ్రహ ట్యూనర్ లోపలే ఉంటుంది. దానికి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2022లో ఐఎస్ 18112 అనే ప్రమాణాన్ని కూడా ప్రకటించింది. అలాంటి టీవీకి బాక్సు అక్కర్లేదు, డిష్ వైరు నేరుగా తగిలిస్తే చాలు.

చందా మానేసిన ప్రైవేటు డీటీహెచ్ డిష్ ఇంటి మీద ఖాళీగా ఉంటే, దాన్ని వాడుకోవచ్చు. డిష్‌కు కంపెనీ తేడా తెలియదు. గురి మార్చి, బాక్సు మార్చితే సరిపోతుంది. దాని యాజమాన్యం ఎవరిదో మాత్రం పాత ఒప్పందంలో చూసుకోవాలి.

'ఒక్కసారి కట్టండి, పే చానళ్లన్నీ జీవితాంతం ఫ్రీ' అని చెప్పి బాక్సులు అమ్మేవాళ్లు ఉంటారు. అది తాళం పగలగొట్టే అక్రమ వ్యవహారం. నెల తిరక్కుండా ఆగిపోతుంది కూడా. అలాగే ఫ్రీ డిష్‌కు నెలనెలా డబ్బు అడిగితే ఇవ్వకండి. ప్రసార భారతి అలాంటి రుసుము ఏదీ వసూలు చేయదు.

గురి పెట్టడం

తెలుగు నేల మీద 93.5 డిగ్రీల ఉపగ్రహం ఆగ్నేయ దిక్కున ఉంటుంది. వాస్తు ప్రకారం వంటగది కట్టే మూల అన్నమాట. హైదరాబాదులో ఉత్తరం నుంచి కుడివైపుగా లెక్కిస్తే 138 డిగ్రీలు, ఎత్తు 63 డిగ్రీలు. విజయవాడలో 141, ఎత్తు 66. తిరుపతిలో దాదాపు మూలకు, 133 డిగ్రీల వైపు, ఎత్తు 67. విశాఖపట్నం వెళ్లేసరికి దిక్కు 149కి, అంటే మరికొంత దక్షిణానికి జరుగుతుంది, ఎత్తు 66. ఢిల్లీలో ఇదే ఉపగ్రహం 52 డిగ్రీల ఎత్తునే కనిపిస్తుంది. ఈ విషయంలో దక్షిణాదివాళ్లం అదృష్టవంతులం. ఉపగ్రహం మనకు నడినెత్తికి దగ్గరగా ఉండటం వల్ల ఎదురింటి మేడ అడ్డం వచ్చే అవకాశం తక్కువ. కొబ్బరిచెట్టు మాత్రం అడ్డం రావచ్చు. ఆకులు తడిసినప్పుడు మరీ అడ్డు.

మొదట చేయవలసిన పని స్తంభాన్ని నిటారుగా బిగించడం. తాపీమేస్త్రీ దగ్గరున్న తూకం గుండుతోనో, నీళ్ల మట్టంతోనో రెండు వైపులా చూడాలి. స్తంభం వంకరగా ఉంటే మిగతా కొలతలన్నీ తప్పుతాయి. చాలామంది తొందరపడేది ఇక్కడే. తర్వాత రెండు గంటలు తంటాలు పడేదీ ఇందువల్లే.

ఫోనులోని దిక్సూచితో ఆగ్నేయాన్ని గుర్తించవచ్చు. అయితే ఇనుప స్తంభానికీ, స్లాబు చువ్వలకూ దూరంగా నిలబడి చూడాలి. దగ్గరగా ఉంటే ముల్లు పక్కకు తిరుగుతుంది. ఎత్తు విషయంలో మరో తిరకాసు ఉంది. మన ఇళ్ల మీద ఉండేవి ఆఫ్‌సెట్ డిష్‌లు. అవి చూస్తున్నట్టు కనిపించే దిక్కు కంటే సుమారు 25 డిగ్రీలు పైకి చూస్తుంటాయి. హైదరాబాదులో 63 డిగ్రీల ఎత్తు కావాలంటే డిష్ ముఖం 38 డిగ్రీల దాకా వెనక్కి వాలితే చాలు. ఆకాశంలో ఉన్నదానికి డిష్‌ను ఆకాశం కేసి మరీ వెల్లకిలా పడుకోబెట్టేవారు ఈ సంగతి తెలియకే అలా చేస్తారు. వెనక బ్రాకెట్ మీద డిగ్రీల గీతలు ఉంటే అవి సాధారణంగా ఈ తేడాను కలుపుకునే ఉంటాయి.

ఇక బాక్సు మెనూలో ఉపగ్రహంగా 93.5 డిగ్రీలను ఎంచుకుని, 11090, వర్టికల్, సింబల్ రేట్ 29500 అని ఇవ్వాలి. తెర మీద రెండు గీతలు కనిపిస్తాయి: స్ట్రెంగ్త్, క్వాలిటీ. మొదటిది చూసి మోసపోకూడదు. ఎల్‌ఎన్‌బికి కరెంటు అందుతోందని చెప్పడం కంటే దానికి పెద్ద అర్థం లేదు. డిష్‌ను గోడకేసి తిప్పినా అది సగం దాకా ఉంటుంది. మనం వెతకాల్సింది క్వాలిటీని. టీవీ ముందు ఒకరు, డాబా మీద ఒకరు ఉండి కేకలేసుకోవడం పాత పద్ధతి. ఇప్పుడు వీడియో కాల్‌తో ఒక్కరే సర్దుకోవచ్చు. మూడు నాలుగొందలకు దొరికే చిన్న సిగ్నల్ మీటరు ఉంటే ఇంకా సులువు.

డిష్‌ను ఎడమ నుంచి కుడికి వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ, ప్రతి జరుపుకీ రెండు మూడు సెకన్లు ఆగాలి. బాక్సు సంకేతాన్ని గుర్తించడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. ఒక్క డిగ్రీ తేడా అంటే అంత దూరాన ఆరువందల కిలోమీటర్లకు పైమాటే. ఒక ఎత్తులో దొరక్కపోతే కొంచెం పైకి లేపి మళ్లీ ఎడమ నుంచి మొదలు పెట్టాలి. క్వాలిటీ ఒక్కసారిగా లేస్తే ఆ స్థానంలో ఆగి, అటూ ఇటూ సర్ది గరిష్ఠానికి తెచ్చి, చివరగా ఎల్‌ఎన్‌బిని దాని పిడిలో నెమ్మదిగా తిప్పి చూడాలి. ఉపగ్రహం మనకు నేరుగా దక్షిణాన లేదు కాబట్టి ధ్రువణం కొంత ఒరిగి వస్తుంది. ఆ ఒరుగుకు తగ్గట్టు ఎల్‌ఎన్‌బిని తిప్పితే మరో పది పాయింట్లు పెరగవచ్చు. వానాకాలంలో బొమ్మ నిలబడేదీ నిలబడనిదీ ఆ పది పాయింట్ల మీదే ఉంటుంది.

గురి కుదిరాక నట్లను ఒకటి విడిచి ఒకటిగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకేసారి ఒకదాన్ని గట్టిగా తిప్పితే డిష్ జరిగిపోతుంది. సెర్చ్ చేశాక చానళ్లన్నీ కార్డు అడుగుతుంటే మీరు పొరుగు ఉపగ్రహాన్ని పట్టుకుని ఉండవచ్చు. 95 డిగ్రీల దగ్గర ఉన్న ఒక ప్రైవేటు డీటీహెచ్ ఉపగ్రహం ఒకటిన్నర డిగ్రీల దూరంలోనే ఉంది. చిన్న డిష్‌కు అది కూడా చూపులో పడుతుంది.

వైరు చివరన ఎఫ్ కనెక్టర్ దగ్గర రాగి తీగకూ, చుట్టూ ఉన్న జాలికీ ఒక్క పోగు కూడా తగలకూడదు. తగిలితే బాక్సు షార్ట్ అని చూపిస్తుంది. వైరు ఎల్‌ఎన్‌బి నుంచి దిగేచోట కిందికి వేలాడేలా చిన్న వంపు వదలాలి. వాన నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి, కనెక్టర్‌లోకి పోవు. డాబా అంచున, ముఖ్యంగా పిట్టగోడ లేని ఇళ్లమీద ఒంటరిగా ఎక్కకండి. కరెంటు తీగలకు దగ్గరగా స్తంభం నిలబెట్టడం ప్రాణాంతకం. పిడుగుల వాన మొదలు కాకముందే వైరును బాక్సు నుంచి ఊడదీయడం, స్తంభానికి ఎర్త్ ఇవ్వడం మానకండి.

బొమ్మ పోయే వేళలు

2.7 సెంటీమీటర్ల తరంగాలకు వాన చినుకులు పెద్ద అడ్డంకి. కుండపోత మొదలైతే బొమ్మ చతురస్రాలుగా విరిగి ఆగిపోతుంది. ఇది డిష్ తప్పు కాదు. పది నిమిషాల్లో అదే వస్తుంది. చిన్న జల్లుకే పోతుంటే మాత్రం గురి సరిగా లేదన్నమాట.

ఏడాదికి రెండుసార్లు, మార్చి రెండో వారం ప్రాంతంలోనూ సెప్టెంబరు చివరిలోనూ, పొద్దున సుమారు 11 గంటలకు కొన్ని రోజుల పాటు కొద్ది నిమిషాలు బొమ్మ పోతుంది. ఆ సమయానికి సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనకకు వస్తాడు; ఆయన వెదజల్లే రేడియో సందడిలో ఉపగ్రహం గొంతు వినబడదు. ఆ రోజుల్లో ఎవరైనా మెకానిక్ వచ్చి ఎల్‌ఎన్‌బి పోయిందంటే నమ్మకండి.

మన ఊళ్లలో ఇంకో పెద్ద సమస్య కోతులు. డిష్ మీద ఒక కోతి కూర్చుంటే చాలు, గురి పోతుంది. దీనికి మందు ఒక్కటే: బిగించాక స్తంభం మీద, బ్రాకెట్ మీద పెయింటుతో గుర్తు గీత పెట్టుకోవడం. ఎంత జరిగిందో కంటికి కనిపిస్తుంది, తిరిగి ఆ గీతకు చేర్చడం రెండు నిమిషాల పని.

పెద్ద డిష్, సీ-బ్యాండ్

కేబుల్ సంస్థలకు చానళ్లు చేరే మార్గం సీ-బ్యాండ్. తరంగం పొడవు సుమారు ఏడున్నర సెంటీమీటర్లు కాబట్టి వానను లెక్కచేయదు. బదులుగా ఆరు నుంచి ఎనిమిది అడుగుల డిష్ కావాలి. ఎల్‌ఎన్‌బి లెక్క 5,150 మెగాహెర్ట్జ్. తిరుమల తిరుపతి దేవస్థానం 2008లో మొదలుపెట్టిన శ్రీ వేంకటేశ్వర భక్తి చానల్ లాంటి తాళం లేని తెలుగు చానళ్లను దీనితో నేరుగా చూడవచ్చు. ఏ చానల్ ఏ ఉపగ్రహం మీద ఉందో తరచూ మారుతుంది కాబట్టి కొనేముందు తాజా జాబితా చూసుకోవాలి. పెద్ద డాబా, ఓపిక ఉన్నవారికి మంచి వ్యాపకం. 2022 తర్వాత నగరాల్లో దీనికి కొత్త చిక్కు వచ్చింది: 5జీకి కేటాయించిన 3,300–3,670 మెగాహెర్ట్జ్ పట్టీ సీ-బ్యాండ్ పక్కనే ఉంది. టవర్ దగ్గరుంటే ఎల్‌ఎన్‌బి ముందు ఫిల్టర్ పెట్టుకోక తప్పదు.

ఏమేం చూడవచ్చు

దూరదర్శన్ జాతీయ చానళ్లు, వార్తలు, క్రీడలు, రాష్ట్రాల చానళ్లన్నీ వస్తాయి. మనకు సప్తగిరి, 2014లో రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు ఏర్పడిన యాదగిరి ఉన్నాయి. ఉపగ్రహానికి రాష్ట్ర సరిహద్దులు లేవు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఉన్న తెలుగు కుటుంబమూ, ముంబైలో కూలికి వెళ్లిన పాలమూరు కుటుంబమూ అదే డిష్‌తో ఈ రెంటినీ చూడవచ్చు.

క్రికెట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2007 నాటి చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం ఉన్న మ్యాచ్‌ల ప్రసారాన్ని హక్కుదారులు ప్రసార భారతితో పంచుకోవాలి. అయితే ఆ ప్రసారం దూరదర్శన్ సొంత నేల ట్రాన్స్‌మిటర్లకూ, సొంత డీటీహెచ్‌కూ మాత్రమే పరిమితమని, ప్రైవేటు కేబుల్‌కు కాదని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే కేబుల్‌లో దూరదర్శన్ పెట్టినా కనిపించని భారత్ మ్యాచ్ ఫ్రీ డిష్‌లో కనిపిస్తుంది.

చదువు చానళ్ల విలువ 2020లో కరోనా వేళ తెలిసింది. తెలంగాణలో యాదగిరి, టీ-శాట్, ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి పాఠాలు ప్రసారం చేశాయి. స్మార్ట్‌ఫోను కొనలేని ఇంట్లో, సిగ్నల్ టవరు లేని తండాలో, గూడెంలో పిల్లలకు బడి అంటే ఆ డిషే. 2017లో మొదలైన స్వయంప్రభ కళాశాల పాఠాలు, తర్వాత వచ్చిన పీఎం ఈ-విద్య చానళ్లు కూడా ఈ జీశాట్-15 నుంచే దిగుతాయి. 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన బైండ్ పథకంలో మారుమూల, గిరిజన, సరిహద్దు, తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల ఇళ్లకు ఎనిమిది లక్షలకు పైగా బాక్సులు ఉచితంగా ఇవ్వాలని నిర్ణయించారు.

తెలుగు వాటా

ఫ్రీ డిష్‌లో ప్రైవేటు చానళ్లకు చోటు వేలంలో దొరుకుతుంది. స్లాటు ధర కోట్లలో ఉంటుంది. ఆ డబ్బు ప్రసార భారతికి ముఖ్యమైన రాబడి. పెద్ద హిందీ వినోద సంస్థలు 2019లో ఒకసారి, 2022 ఏప్రిల్‌లో మరోసారి తమ చానళ్లను ఫ్రీ డిష్ నుంచి తీసేసుకున్నాయి. ప్రేక్షకుల సంఖ్య పడిపోవడంతో మొదటిసారి ఏడాది దాటిన కొద్దికాలానికే తిరిగి వచ్చాయి. ఈ డిష్‌కు ఎంత బలముందో దీన్నిబట్టి తెలుస్తుంది. కానీ ఎక్కువ ధర పెట్టగలిగేది ఎక్కువ మంది చూసే భాష కాబట్టి, వేలంలో గెలిచిన ప్రైవేటు చానళ్లలో అధిక భాగం హిందీవే. తెలుగింట్లో ఫ్రీ డిష్ పెట్టుకున్నాయన చానళ్లు తిప్పుతూ పోతే వంద నంబర్లలో తన భాష వినిపించేది వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని చోట్లే. ఉత్తరాదితో పోలిస్తే తెలుగు రాష్ట్రాల్లో ఫ్రీ డిష్ అంతగా పాకకపోవడానికి ఇదే ప్రధాన కారణమని నా అభిప్రాయం. డిష్ ఖరీదు గానీ, వాన గానీ కాదు.

వాయుతరంగాలు ప్రజల ఆస్తి అయినప్పుడు వాటి పంపకం వేలంపాట ఒక్కదానికే వదలడం న్యాయం కాదు. సప్తగిరికీ, యాదగిరికీ కొత్త సినిమాలు, నాటకాలు, జిల్లా వార్తలు చేసుకోగలిగినన్ని నిధులు కావాలి. తెలుగు ప్రైవేటు చానళ్లకు హిందీతో పోటీపడనక్కర్లేని విడి స్లాట్లు కావాలి. ఫ్రీ డిష్ పెట్టుకున్న ప్రతి తెలుగు ఇల్లూ ఈ మాటను ప్రసార భారతికి ఒక ఉత్తరం ముక్కలో రాసి పంపాలి, మన లోక్‌సభ సభ్యులను కూడా అడగాలి.